మా కరివేపాకు కుండీ మీద హత్యానుమానం

నిన్న ఆఫీసులో లంచ్ బాక్స్ మూత తీస్తుండగా నా భర్త రవి హంతకుడని తెలిసింది! నవ్వకండి.

మాది హైటెక్ సిటీలో చిన్న ల్యాబ్. పోలీసులు పంపిన మట్టి మీద మెషీన్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి, ఏ మట్టి కాంతిని ఎలా మింగిందో గీత గీసిస్తుంది. ఆ గీతల్ని స్టాటిస్టిక్స్‌తో పోల్చి, స్క్రీన్ మీద చుక్కలుగా పెట్టడం నా పని. ఒకే చోటి మట్టయితే చుక్కలు పక్కపక్కన పడతాయి. వేరైతే దూరంగా.

కోకాపేటలో కడుతున్న టవర్ దగ్గర, గుంటలో ఒకామె శవం దొరికింది. అనుమానితుడి పారకంటిన మట్టి ఆ గుంటదేనా అని తేల్చాలి. పోలిక కోసం, సంబంధం లేని మట్టి కూడా ఉండాలి. "బాచుపల్లి నుంచి ఓ కవరు తెండి" అన్నారు మా మేనేజర్ సుజాత. ఆ ఎండలో, ఆ ట్రాఫిక్‌లో ఎవరెళ్తారు? మా బాల్కనీలో కొత్తగా నింపిన కరివేపాకు కుండీలోంచి కాస్త తీసి, కవరు మీద 'బాచుపల్లి' అని రాసేశాను. నర్సరీ మట్టికి, ఆ గుంటకి ఏం సంబంధం?

నిన్న చుక్కలు పడ్డాయి. గుంట, పార ఓ మూల గుంపుగా ఉన్నాయి. కరివేపాకు సరిగ్గా ఆ గుంపు మధ్యలో!

మళ్లీ లెక్క కట్టించాను. మళ్లీ అక్కడే! ఆ మట్టి రవి ఒక్కడే వెళ్లి కారు డిక్కీలో తెచ్చాడు. శవం దొరకడానికి ముందు వారమే. వచ్చాక డిక్కీ కడిగాడు కూడా! పెళ్లయ్యాక అతను ఏదైనా కడగడం నేను చూసింది అప్పుడే.

బాత్రూంలో దూరి, గడియ పెట్టి ఫోన్ చేశాను.

"రవీ, కుండీల్లో మట్టి ఎక్కడిది?"

"ఏంది లతా, గిప్పుడు గదెందుకు? నర్సరీదని చెప్పిన కదా."

"అబద్ధం. మెషీన్ చెప్పింది."

అతను గొంతు తగ్గించాడు. "ఎవరికన్నా చెప్పినవా?"

ఆడదానికి తన ఇంటికన్నా ప్రమాదమైన చోటు లేదని పత్రికలకి ఎన్ని వ్యాసాలు రాశాను! వాటికి రుజువు నేనే అవుతాననుకోలేదు.

"ఆమెని... నువ్వేనా?"

"ఏ ఆమె? జర ఆగు, ఏడ్వకు! నర్సరీ బంద్ ఉండె. కోకాపేటల బిల్డింగోళ్లు తవ్విపోసిన కుప్ప కనవడ్డది, బస్తాల నింపుకున్న. నీకు చెప్తే దొంగమట్టి అని లెక్చర్ ఇస్తవని చెప్పలే."

ఊపిరొచ్చింది. అంతలో తలుపు మీద దబదబ.

"లతగారూ, లోపలే ఉన్నారాండీ?" సుజాత గొంతు. "మీ బాచుపల్లి మట్టి కోకాపేట గుంపులో పడిందేంటండీ? రిపోర్టు కోసం వచ్చిన ఇన్‌స్పెక్టర్ గారు కూడా చూశారు. మీరు తవ్విన చోటు చూపించాలట. కింద జీపు సిద్ధంగా ఉంది, రండి."

ఫోన్లో రవి కంగారుగా అరుస్తున్నాడు: "ఏమైంది లతా? నన్ను పట్టుకపోతరా?"

"లేదులే. నువ్వు నిర్దోషివి," అన్నాను గడియ తీస్తూ. "నన్ను పట్టుకెళ్తున్నారు."