కాఫీ పక్కన పిస్తోలు

అమెరికాలో ఆర్కన్సా కొండల్లోని ఆ ఇంట్లో వెల్డా రోజూ పొద్దున్నే మొగుడి పిస్తోలు తుడిచి, అతని కాఫీ కప్పు పక్కన పెట్టేది. అతను పోయాక అది కొడుకు డెల్బర్ట్ నడుముకెక్కింది. పెట్టే చెయ్యి మాత్రం ఆమెదే. నిన్న ఉతకబోతూ వాడి కోటు జేబు తడిమితే, వేలెడు ప్లాస్టిక్ సంచిలో తెల్లటి పలుకులు తగిలాయి. పారేస్తే ఇంకోటి తెస్తాడని తెలిసి అక్కడే ఉంచింది. పోలీసు అధికారి షెరీఫ్ దగ్గర పనిచేసే తమ్ముడు చర్చి మెట్ల మీద అన్న మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. "తుపాకి మన హక్కే అక్కా. మత్తుమందుతో కలిపి దొరికితే మాత్రం మేనల్లుడైనా వదలను. వయసంతా జైల్లోనే కరుగుతుంది."

ఇవాళ డెల్బర్ట్ ఆ కోటుతోనే వచ్చాడు. చూపు ఒకచోట నిలవడం లేదు, దవడలు ఊరికే నములుతున్నాయి.

"నాన్న పిస్తోలు ఏదే అమ్మా?"

"జేబులోది పొయ్యిలో వెయ్యి, తెచ్చిస్తాను."

వాడు నవ్వాడు. "నువ్వెప్పుడు పోలీసువయ్యావే? నాన్న ఏనాడైనా ఒట్టి నడుముతో గడప దాటాడా?"

"మీ నాన్న జేబులో పుదీనా బిళ్ళలుండేవిరా."

బయట ఎవరిదో ట్రక్కు హారన్ మోగింది. వాడు పిస్తోలుండే బల్ల సొరుగు లాగాడు. తాళం వేసి ఉంది. మళ్ళీ గట్టిగా లాగితే బల్లంతా కదిలి, కాఫీ ఒలికింది. తాళంచెవి వెల్డా జేబులోనే ఉంది. ఆమె తలెత్తకుండా రొట్టెల పిండి పిసుకుతూనే ఉంది. కప్పు పక్కన చోటు ఖాళీగానే ఉంది.