నేల తుడిచే మందు

హోటలు నేలమాళిగలో ఉన్న లాండ్రీలో అతన్ని అందరూ చలువబావ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే లావుపాటి ఆవిడ. ఆమెకు అతను బావా కాదు, మరిదీ కాదు. అతని చొక్కా ఎప్పుడు చూసినా అప్పుడే చలువ చేసి తెచ్చినట్టుండేది. ముఖం మాత్రం కుళ్లిన గుడ్డు వాసన తగిలినట్టు ముడుచుకుని ఉండేది.

పై అంతస్తుల నుంచి రేకు గొట్టంలోంచి జారిపడే మూటలు విప్పి, మరకను బట్టి దుప్పట్లను వేరు చేయడం అతని పని. రక్తం ఒకవైపు, వాంతి ఒకవైపు, పేరు చెప్పలేనివి ఇంకోవైపు. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, పట్టకారుతో కొస పట్టుకుని, ఊపిరి బిగబట్టి తొట్లలోకి విసిరేవాడు. ఒకసారి దిండు గలీబులో ఊడిన పన్ను కనబడింది. మరోసారి ఎవరో మహానుభావుడు తువ్వాలునే మరుగుదొడ్డి కాగితంలా వాడి, చక్కగా మడిచి మరీ పంపాడు. "మనుషులా, పశువులా!" అని గొణుక్కోని రోజు లేదు. పని ముగిశాక చేతులు తోముతూనే ఉండేవాడు. వేళ్ల సందుల్లో చర్మం పగిలేది.

"చలువబావా, ఇంకాస్త రుద్దావంటే ఎముకలు బయటికొస్తాయి. వాటికీ ఇస్త్రీ చేయమంటావా?" అనేది ఇస్త్రీ ఆవిడ.

పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్కతో రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. అక్క ఇంట్లోనే మిషను పెట్టుకుని బడిసంచులు కుట్టేది. సెలవు రోజు మధ్యాహ్నం తమ్ముడు "స్నేహితుడి దగ్గరికి" అని బయల్దేరితే, తలెత్తకుండానే "గొడుగు తీసుకెళ్లు" అనేది. అంతకు మించి అడిగేది కాదు.

ఆ స్నేహితుడు సిటీ బస్సు డ్రైవరు. టైర్ల దుకాణం మీద గదిలో ఉండేవాడు. గట్టిగా నవ్వేవాడు, మేజోళ్లతోనే మంచమెక్కేవాడు, తిన్న పళ్లెం మర్నాటిదాకా కడిగేవాడు కాదు. అయినా అతనంటే చలువబావకు ప్రాణం. ఎన్నో ఏళ్లుగా ఇద్దరి మధ్యా ఆ సంబంధం ఉంది. కష్టమల్లా చలువబావకు తన ఒంటితోనే వచ్చేది. తన ఒళ్లు కూడా ఆ రేకు గొట్టంలోంచి జారిపడ్డ మూటేనని అతని నమ్మకం. డ్రైవరు చేయి నడుము కిందికి వెళ్తే సిగ్గుతో చచ్చిపోయేవాడు.

అందుకే బయల్దేరే ముందు స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకునేవాడు. మొదట్లో రబ్బరు బుడ్డితో ఉత్త నీళ్లు లోపలికి పంపి కడుక్కునేవాడు. అది చాలదనిపించింది. సబ్బు నీళ్లు మొదలుపెట్టాడు. అదీ చాలలేదు. లాండ్రీలో నేల తుడవడానికి వాడే ఘాటైన మందును చిన్న సీసాలో పోసుకుని తెచ్చుకున్నాడు. నీళ్లలో కలిపినా భగ్గున మండేది. మండిందంటే శుభ్రమైనట్టేనని పళ్లు కరిచి ఓర్చుకునేవాడు.

"ఏమయ్యా, నువ్వొస్తే ఆస్పత్రి వరండా నడిచొచ్చినట్టుంటుంది," అని డ్రైవరు ముక్కు రుద్దుకునేవాడు. డ్రైవరుకు ఏ జాగ్రత్తా పట్టేది కాదు. తలకు రాసుకునే నూనే అన్నిటికీ పనికొస్తుందనేవాడు. కండోమ్ గుర్తుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఉన్నప్పుడు కూడా ఆ నూనెకు చిరిగిపోయేది. "చిరిగితే చిరిగింది. నేను నిన్ను తప్ప ఎవర్నెరుగుదును?" అని నవ్వి పారేసేవాడు. బయట అన్ని మరకలూ పసిగట్టే చలువబావ ఆ మాటను మాత్రం గుడ్డిగా నమ్మాడు.

కొన్నాళ్లకు రక్తం కనబడింది. తర్వాత చీములాంటి జిగురు. కూర్చుంటే నిప్పుల మీద కూర్చున్నట్టే. అతను తన లోదుస్తులు తానే పట్టకారుతో పట్టుకుని ఉతుక్కున్నాడు. అది చూసి బకెట్టు పక్కనే వాంతి చేసుకున్నాడు.

బస్టాండు ఎదుటి క్లినిక్కుకు వెళ్లాడు. డాక్టరు టీ తాగుతున్నాడు, కప్పు అంచు మీద ఈగ తీరిగ్గా నడుస్తోంది. "ఎలా అయింది?" అని అడిగితే, చలువబావ చెప్పాల్సింది చెప్పాడు. డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఛీ ఛీ! నీ వయసేంటి, ఈ పనులేంటి? మానెయ్, అదే తగ్గుద్ది."

పరీక్ష చేయలేదు, దగ్గరికి కూడా రాలేదు. ఏదో పూత మందుకు చీటీ రాసి చేతిలో పడేశాడు. చలువబావ లేచాడో లేదో, కాంపౌండరు అతను కూర్చున్న స్టూలును అందరూ చూస్తుండగా స్పిరిట్‌తో తుడిచాడు. తల కొట్టేసినట్టయింది. ఆ అవమానంలో కూడా అతని కళ్లు ఊరుకోలేదు. కిటికీ చువ్వలకు, వాడేసిన రబ్బరు తొడుగుల్ని కడిగి ఆరేశారు. వేళ్ల చివర్లు ఇంకా పసుపుపచ్చగా ఉన్నాయి. వాటినే రేపు మరొకరికి వాడతారు కాబోలు.

కానీ దారిపొడవునా అతను తిట్టుకున్నది డాక్టరును కాదు, తననే. వాళ్లు ఛీ అనకముందే తన్ను తాను ఎన్నో ఏళ్లుగా ఛీ అనుకున్నవాడు కదా. ఇంటికి రాగానే మందు ఇంకాస్త చిక్కగా కలిపి మళ్లీ కడుక్కున్నాడు. ఈసారి గోడ పట్టుకుని కూలబడిపోయాడు.

జ్వరంతోనే పనికి వెళ్లాడు. మధ్యాహ్నం లోపే మాసిన దుప్పట్ల కుప్ప మీద బోర్లా పడిపోయాడు, తొడుగులు కూడా లేకుండా. ఇస్త్రీ ఆవిడ కబురు పెడితే అక్క పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి పెద్దాస్పత్రికి చేర్చారు.

"ఒరేయ్, మూలశంకా? నాన్నకీ ఉండేది. చెప్పడానికేంరా సిగ్గు!" అంది అక్క.

"అలాంటిదేలే," అని గోడకేసి తిరిగాడు.

అక్కడి డాక్టరమ్మ కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని తిరిగే పెద్దావిడ. అక్కను బయట కూర్చోమంది. కొత్త తొడుగులు తీసి వేసుకుని, ఏం చేయబోతోందో ముందే చెప్పి, పరీక్ష చేసి, దూదిపుల్లతో నమూనా, సూదితో రక్తం తీసుకుంది. తర్వాత అతని ఎదురుగా కూర్చుంది.

"ఆడవాళ్లతోనా, మగవాళ్లతోనా?"

"మగ... ఒక్కడేనండీ."

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. "సరే. లోపల కాలినట్టుంది. దేంతో కడుగుతావు?"

చెప్పాడు. అప్పుడు మారింది ఆమె ముఖం. పెదవులు వంకర తిరిగాయి, ముక్కు ముడుచుకుంది. అచ్చం దుప్పట్ల దగ్గర అతను పెట్టే ముఖమే.

"ఛీ! నేల తుడిచే మందా? ఎవడు చెప్పాడయ్యా నీకు? అది బండల మీద పొయ్యడానికి!"

ఇన్నేళ్లలో ఒక మనిషి ఛీ అన్నది తనను కాదు, తను పోసుకున్నదాన్ని.

"లోపలి పొర తడికాగితం లాంటిది," అందామె. "సబ్బు తగిలినా పుండవుద్ది. ఆ పుండ్లలోంచే రోగాలు దూరతాయి. నువ్వు కడిగి పొమ్మన్నది పోలేదు, రోగాలకి తలుపు తీశావు. విరేచనం అయ్యాక పైన నీళ్లతో కడుక్కుంటే చాలు. మనసొప్పకపోతే కాసిని గోరువెచ్చని ఉత్త నీళ్లు లోపలికి, అదీ ఎప్పుడో ఒకసారి. కొద్దిగా మలం తగిలితే ఏమైంది? అది ఉండే చోటే అది."

ఆఖరి మాటకు అతను ముక్కు మూసుకున్నాడు. ఆమె పట్టించుకోలేదు.

"నూనె వాడితే రబ్బరు చిరుగుద్ది. నీళ్లలో కలిసే జెల్ దొరుకుద్ది, అది ధారాళంగా వాడాలి. కండోమ్ ప్రతిసారీ. నొప్పి పుడితే ఆపాలి, ఓర్చుకోకూడదు. పుండు పూర్తిగా మానేదాకా అసలొద్దు. పరీక్షలు ఇద్దరూ చేయించుకోవాలి. హెచ్ఐవీది ఇప్పుడు లేదని వచ్చినా కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి."

రెండు రోజులకు నమూనా ఫలితంలో గనేరియా అనే సుఖరోగమని వచ్చింది. హెచ్ఐవీ లేదు. డాక్టరమ్మ ఇంజెక్షను ఇచ్చి, "అతన్నీ తీసుకురా. పైకేమీ తెలియకపోయినా ఉంటుంది," అంది.

ఆస్పత్రి నుంచి నేరుగా టైర్ల దుకాణం మీది గదికి వెళ్లాడు. మంచం కింద ఎండిన పళ్లెం, దాని మీద చీమలు. డ్రైవరు నవ్వబోయి, అతని వాలకం చూసి ఆగిపోయాడు.

"నన్ను తప్ప ఎవర్నీ ఎరగవు కదూ?"

డ్రైవరు ముందు ఎగిరిపడ్డాడు. "నాకేం రోగం? చూడు, గుండ్రాయిలా ఉన్నా! నువ్వే ఎక్కడ..." అని, వాక్యం పూర్తి చేయలేక మంచం మీద చతికిలబడ్డాడు. డిపో విశ్రాంతి గదిలో ఎవరితోనో జరిగిందట. ఒకటి రెండుసార్లేనట. లెక్కలోకి రాదనుకున్నాడట.

"లెక్కలోకి రాదా?" అన్నాడు చలువబావ. "నీ కోసం నా కడుపు కాల్చుకున్నానురా నేను. నువ్వా ఒళ్లు కూడా తోముకోకుండా అబద్ధం తెచ్చి నా మీద రుద్దావు."

ఆ క్షణంలో ఆ గదిలో అన్నిటి మీదా అసహ్యం పుట్టింది. మేజోళ్ల వాసన, దిండు మీది నూనె జిడ్డు, ఏడుస్తున్న ఆ పెద్ద ముఖం. తనమీద మాత్రం పుట్టలేదు. అదే కొత్తగా ఉంది.

"ఏడుపు తర్వాత. ముందు చొక్కా వేసుకో, ఆస్పత్రికి పద," అన్నాడు.

డ్రైవరు కుక్కిన పేనులా వెంట వెళ్లాడు, రక్తం ఇచ్చాడు, ఇంజెక్షను వేయించుకున్నాడు. కొన్ని వారాల తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మళ్లీ రక్తం ఇచ్చారు. ఇద్దరికీ హెచ్ఐవీ లేదనే వచ్చింది. వరండాలో డ్రైవరు చేయి పట్టుకోబోతే చలువబావ లాక్కున్నాడు.

చాలాకాలం ఆ గదికి వెళ్లలేదు. "స్నేహితుడితో తగాదా పడ్డావా?" అని అక్క అడిగింది. పడ్డానన్నాడు. "వాడిదేనా తప్పు?" అంది. "చాలావరకు," అన్నాడు.

మళ్లీ వెళ్లింది వానాకాలంలో. బయల్దేరే ముందు స్నానాల గదిలో గడియ వేసుకుని మామూలుగా ఒళ్లు కడుక్కున్నాడు, అంతే. చేయి అలవాటుగా సీసా కోసం వెతికింది కానీ దాన్ని ఎప్పుడో లాండ్రీ కాలువలో ఒంపేశాడు. డ్రైవరు గది ఊడ్చి పెట్టాడు. అలమరలో కండోమ్‌లూ, జెల్ గొట్టమూ కనబడేలా పెట్టాడు. చలువబావ వాటి మీది తేదీలు చదివి, దుప్పటి కొస ఎత్తి వాసన చూశాడు.

"అత్తగారు తనిఖీకొచ్చినట్టుంది," అని గొణిగాడు డ్రైవరు.

"అలాగే అనుకో. నొప్పంటే ఆగాలి. ఇంకెవరైనా ఉంటే ముందే చెప్పాలి. లేదంటే ఇప్పుడే గొడుగు తీసుకుని పోతా."

డ్రైవరు తలూపాడు. ఆ రోజుకు టీ మాత్రమే తాగి, వాన తగ్గాక చలువబావ ఇంటికొచ్చేశాడు. డ్రైవరు అబద్ధం తలుచుకున్నప్పుడల్లా ఇంకా నోరు చేదయ్యేది. ఆ చేదు పూర్తిగా ఎప్పుడూ పోలేదు. అయినా తర్వాతి వారం మళ్లీ వెళ్లాడు.