ఎర్రగడ్డల మైకుతో పిలిచిన అవ్వ

మా ఎదురింటి అవ్వ పోయింది. మా కాలనీలో ఏ సంగతైనా అవ్వ మైకు పట్టుకొని వీధులన్నీ తిరిగితేనే అందరికీ తెలిసేది. అవ్వ పోయిన సంగతి మాత్రం ఎవురూ మైకులో చెప్పలేదు. చెప్పే మనిషే లేదు కదా. పొద్దున నేను జడేసుకుంటాంటే మా అమ్మ గేటుకాడినుంచి వచ్చి, "అవ్వ నిద్రలోనే పోయిందంటమ్మా" అనింది. సగం అల్లిన జడతోనే బయటికి ఉరికినా. వీధిలో ఎవురూ లేరు. వాట్సాప్ గ్రూపులో మాత్రం అందరూ దండం పెట్టే చేతుల బొమ్మలు పంపిస్తాండారు. అవ్వ చూసింటే, "చేతులొచ్చినాయి, మనుషులేరప్పా?" అని నవ్వుండేది.

నేను ఇంగ్లీష్ మీడియం పిల్లని. తెలుగులో ఇంత పెద్దది ఎప్పుడూ రాయలేదు. నోటితో ఎట్ల మాట్లాడతానో అట్లే రాస్తాండా. తప్పులుంటే అవ్వ మొగం చూసి వదిలేయండి.

మాది అనంతపురం ఊరి బయట, బత్తలపల్లె పోయే రోడ్డు పక్కన లేసిన కొత్త కాలనీ. సగం ఇండ్లు, సగం కంపచెట్లు మొలిచిన ప్లాట్లు. ఒక్కో ఇల్లు ఒక్కో ఊరినుంచి వచ్చింది. అందరికీ పెద్ద పెద్ద గేట్లు. నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు తప్ప ఒకరి మొగం ఒకరు చూసేది లేదు. అవ్వ నల్లమాడ పక్క పల్లెనుంచి కూతురింటికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో ఆ గేట్లన్నీ చూసి కూతుర్ని అడిగిందంట, "ఏమ్మే, ఈడ అందరూ దొంగలా, లేకుంటే అందరూ దొంగలకు భయపడేవాళ్ళా?"

ఒకసారి కాలనీలో కంటి పరీక్షల క్యాంపు పెట్టినారు. గ్రూపులో మెసేజ్ వస్తే అందరూ బొటనేలు బొమ్మ పంపినారు. తీరా డాక్టరమ్మ వచ్చి టెంటు కింద కూర్చుంటే అవ్వ ఒక్కతే పోయింది. మా నాయన ఫోన్ చూపిచ్చి, "అందరూ సరే అనే అన్నారవ్వా" అని సంజాయిషీ చెప్పినాడు. అవ్వ ఆ ఫోన్‌ని ముక్కుకాడ పెట్టుకొని చూసింది.

"ఇన్ని బొటనేళ్ళొచ్చినాయి, మనుషులేరప్పా?"

మా నాయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "పిలిస్తే రానోళ్ళు తక్కువ నాయనా, పిలవలేదని రానోళ్ళే ఎక్కువ" అనింది అవ్వ. ఆ రోజునుంచి పిలిచే పని తన నెత్తినేసుకుంది.

కానీ అవ్వకు గొంతు లేదు. ఏండ్ల తరబడి మేకల్ని అదిలిచ్చి అదిలిచ్చి బొంగురుపోయింది. నాకేమో గొంతు ఉండాది, ధైర్యం లేదు. నాకు మనుషులంటే భయం. ఎందుకని అడిగితే చెప్పలేను. క్లాసులో మేడమ్ పేరు పిలిస్తే లేచి నిలబడతా, నోరు తెరుస్తా, గాలి తప్ప ఏమీ రాదు. ఎవురూ లేనప్పుడు మాత్రం మిద్దె మీద నీళ్ళ ట్యాంకు చాటున కూర్చొని రైల్వే స్టేషన్లో చెప్పినట్ల చెప్పుకుంటాంటి. ఏ రైలు ఎంత లేటు, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తాండాది, అన్నీ నా ఇష్టం. ఆ సంగతి మా ఇంట్లోనే ఎవురికీ తెలీదు.

ఒక సాయంత్రం ఎదురు మిద్దె మీదినుంచి బొంగురు గొంతు వినిపిచ్చింది. "ఏం పాప, ధర్మవరం బండి ఎప్పుడొస్తాదో కాస్త చెప్తావా? నేను పోవల్ల."

చూస్తే అవ్వ. మిరపకాయలు ఎండబెడతాండాది. నాకు ట్యాంకులో దూకేద్దామనిపిచ్చింది. "ఎవురికీ చెప్పొద్దవ్వా" అని చేతులు జోడిచ్చినా.

"చెప్పను. ఊరంతా చాటేది నా పని. నీది ఒక్కటీ కడుపులో పెట్టుకుంటాలే" అనింది. చివరిదాకా అట్లే పెట్టుకుంది.

మా వీధికొచ్చే తోపుడుబండి ఆయప్ప కొత్త మైకు కొనుక్కొని, మాటలు రికార్డు చేసుకునే తన పాత మైకు అవ్వకు ఇచ్చేసినాడు. దాన్ని తీసుకొని ఇద్దరం వాళ్ళింట్లో సామాన్ల గదిలోకి పోయినాం. చుట్టూ చెనక్కాయల మూటలు, వేరుశనక్కాయలంటారు కదా అవే. అవ్వ తలుపు గడియేసి, "ఇంక చెప్పు. ఈడ వినేది చెనక్కాయలే. వాటికి చెవుల్లేవు" అనింది.

నేను ముందే రాసుకొనొచ్చింది చదివినా, "గౌరవనీయులైన కాలనీ వాసులకు మనవి" అని.

"ఎవురు పాప ఆ గౌరవనీయులు? మన వీధిలో అట్లాంటోళ్ళు యాడుండారు? గోడ మీదినుంచి పక్కింటోళ్ళని పిలిచినట్ల పిలువు."

అప్పుడు ఇట్ల చెప్పినా. "అక్కా, అన్నా, అవ్వా, తాతా! ఆదివారం సాయంత్రం మూల ప్లాటు కాడికి రండి. చెనక్కాయలు కాలుస్తాండాం. ఊరికే రండి, ఏమీ తేవద్దు."

చెనక్కాయల పంట పీకే రోజుల్లో పల్లెనుంచి అవ్వ తమ్ముడు పచ్చి చెట్లు మోపు కట్టి బస్సుపైన వేసి పంపిస్తాండె. వాటిని కాయలతో సహా కంపలేసి కాల్చి, బూడిదలోనుంచి ఏరుకొని బెల్లంతో తినల్ల. దానికే ఈ పిలుపు.

అవ్వ మైకు భుజానికేసుకొని వీధిలోకి పోయింది. నేను కర్టెన్ సందులోనుంచి చూస్తాండా. నా గొంతు వీధంతా తిరుగుతాంటే కర్టెన్ ఇంకా దగ్గరికి లాక్కున్నా. చెప్పాల్సింది అయిపోతానే మైకులోనుంచి ఇంకో గొంతు లేసింది.

"ఎర్రగడ్డలో... ఎర్రగడ్డలూ! పెద్ద గడ్డలు, మంచి గడ్డలు, ఎర్రగడ్డలూ!"

మా పక్క ఉల్లిపాయల్ని ఎర్రగడ్డలంటారు. బండాయప్ప పాత రికార్డు మేము చెరిపిందే లేదు. గేట్లన్నీ టపటపా తెరుచుకున్నాయి. ఎవురూ మొగం చూపిచ్చని వీధిలోకి సంచులు పట్టుకొని ఇంత మంది.

"ఏదవ్వా బండి?"

"బండి లేదు."

"మరి ఎర్రగడ్డలు?"

"అవీ లేవు."

"మరెందుకవ్వా అట్ల అరిపిస్తాండావు?"

"మీ మొగాలు చూద్దామని."

మా పక్కింటక్క నడుము మీద చేయి పెట్టుకొని, "పొయ్యి మీద చారు పెట్టి వచ్చినా కదవ్వా!" అనింది.

"పొంగితే పొంగనీమ్మే. ఆదివారం చెనక్కాయలకు రా."

ఎవురో ఫక్కున నవ్వినారు. తర్వాత అందరూ నవ్వినారు. ఆ ఆదివారం మూల ప్లాట్లో కూర్చునేదానికి చోటు లేకపాయ. అవ్వ బకెట్టు బోర్లించుకొని దానిమీద కూర్చొని, కట్టెతో బూడిద కెలుకుతా అందరికీ కాయలు తోసింది. నేను మా అమ్మ వెనకాల కూర్చొని తిన్నా. నా మూతీ నల్లగైంది, అందరి మూతీ నల్లగైంది. ఎవురి మొగమూ నన్ను భయపెట్టలేదు ఆ పొద్దు.

మర్నాడు ఆ రికార్డు చెరిపేస్తానంటే అవ్వ మైకు లాగేసుకుంది. "దాని జోలికి పోవద్దు. ఎట్ల వచ్చినారనేది ఎందుకు? వచ్చినారు కదా!" అంతే. ముగ్గుల పోటీకైనా, క్రిస్మస్ పాటలకైనా, షుగర్ పరీక్షకైనా నా పిలుపు వెనకాల ఎర్రగడ్డలు వస్తాండె. ఎర్రగడ్డలు లేవని అందరికీ తెలుసు. అయినా ఎవురో ఒకరు నవ్వుకుంటా సంచి పట్టుకొనే బయటికి వస్తాండ్రి.

ఆ గొంతు ఎవురిదని కాలనీలో పెద్ద చర్చ. ఆర్కెస్ట్రాలో పాడే పిల్లదని ఒకరు, కాదు కంప్యూటర్ గొంతని ఒకరు. మా అమ్మ అన్నం పెడతా, "ఆ పిల్ల ఎంత చక్కగా పిలుస్తాదో చూడు. నువ్వూ ఉండావు, ఇంట్లో ఉప్పు కూడా అడగవు" అనింది ఒకసారి. నాకు నవ్వొచ్చి పొరబోయింది. నీళ్ళు తాగిచ్చింది కూడా ఆమే.

ఒక సంవత్సరం వాన రాలేదు. పల్లెనుంచి చంకలో పట్టేంత చిన్న మోపు వచ్చింది. ఈసారి పిలవొద్దులే అని అందరూ అన్నారు. అవ్వ వినలేదు. "పంట పోయిందని మనుషుల్ని పిలవకుండా ఉంటామా? తలా రెండు కాయలు. మూతి నల్లగైతే చాలు." తలా రెండు కాయలే తిన్నాం. బూడిద రుద్దుకొని మూతులు నల్లగ చేసుకున్నాం. మా నాయనకు మీసాలు దిద్దింది అవ్వే. పంట బాగా పండిన సంవత్సరంలో కూడా అంత నవ్వు నవ్వలేదు మేము.

ఒక్క మనిషి మాత్రం ఎప్పుడూ రాలేదు. చివరింట్లో ఒక్కడే ఉండే రిటైర్డ్ సారు. గేటుకు 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు. కుక్క లేదు. అవ్వ ప్రతిసారీ ఆ గేటుకాడ మైకు ఆపేసి, బొంగురు గొంతుతోనే పిలుస్తాండె. సారు కిటికీలోనుంచి, "నాకు పనుందమ్మా" అంటాడు. "సరే సారూ, మళ్ళీసారి వస్తా" అని అవ్వ తిరుక్కుంటాది.

"ఆ సారు రాడని తెలిసీ ఎందుకవ్వా పిలిచేది?" అని అడిగినా ఒకసారి.

"రాకపోయేది ఆయనిష్టం పాప. పిలవకపోతే అది మన తప్పు."

ఇంకోసారి నేనే, నాకు గేట్లంటే భయమని చెప్పినా. అవ్వ నవ్వలేదు. పోయి పిలువని తరమనూ లేదు. "భయమైతే గేటుకు ఈ పక్కనే నిలబడు. లోపలికి పోయేది గొంతే కదా" అనింది.

అవ్వ దినాలు అయిపోయినాక ఒక శనివారం బస్సుపైన మోపు దిగింది. ఈసారి బాగా పెద్దది. అవ్వ పోయేదానికి ముందే తమ్మునికి చెప్పి పెట్టిందంట. నేను మజ్జిగ ఇచ్చేదానికి పోతే అవ్వ కూతురు, నేను అత్తా అని పిలుస్తా, ఆ చెట్ల ముందర కూర్చోనుంది. "రేపటికి వాడిపోతాయి పాప. మా అమ్మ లేకుండా ఎవురు పిలుస్తారు, ఎవురొస్తారు? ఎవురి మేకలకన్నా వేసేస్తాలే" అనింది.

మైకు గోడకు మేకు మీద యాలాడుతాండాది. అవ్వ పిలుపు మేకలపాలు అవుతాదని తలుచుకొని మైకు చేతిలోకి తీసుకున్నా. "నేను పోతాత్తా" అన్నా.

కుండ మాట్లాడితే చూసినట్ల చూసింది అత్త. "నువ్వా?"

పోయినేడు చెనక్కాయలకు పిలిచిన రికార్డు ఉండాది కదా, బటన్ నొక్కి నడిస్తే చాలు, నోరు తెరిచే పని లేదు అనుకున్నా. చున్నీ నెత్తిమీదికి లాక్కొని వీధిలోకి వచ్చినా. "అక్కా, అన్నా..." అనింది మైకు. అంతే, కీచుమని ఆగిపాయ. అవ్వ పోయినాక దానికి ఎవురూ చార్జింగ్ పెట్టలేదు. నేను వీధి మధ్యలో ఉండా. గేట్లు సగం సగం తెరుచుకున్నాయి. పక్కింటక్క తల బయటపెట్టి, "ఏం పాప, ఆగిపాయనా?" అనింది.

ఇంటికి ఉరికేద్దామని తిరిగినా. తిరిగితే అవ్వోళ్ళ వాకిట్లో ఆ పచ్చటి మోపు కనపడింది. నా మాటలు రాలేదు. నోరు తెరిస్తే బండాయప్ప మాటలు వచ్చినాయి.

"ఎర్రగడ్డలో... ఎర్రగడ్డలూ! పెద్ద గడ్డలు, మంచి గడ్డలు..."

వీధి చివరిదాకా గేట్లు తెరుచుకున్నాయి. సంచులతో వచ్చినారు. కొందరు కండ్లు తుడుచుకుంటా వచ్చినారు. ఇంక నా మాటలు వాటంతటవే వచ్చినాయి. "అక్కా, అన్నా, అవ్వా, తాతా! రేపు సాయంత్రం మూల ప్లాటు కాడికి రండి. అవ్వ చెనక్కాయలొచ్చినాయి. ఊరికే రండి, ఏమీ తేవద్దు."

పక్కింటక్క చేయి నోటిమీద పెట్టుకుంది. "ఏ పిల్లా! ఇది మైకు గొంతు కదా! ఇన్నాళ్ళూ నువ్వేనా?"

మా అమ్మ గరిటె పట్టుకొని గేటుకాడ నిలబడిపోయింది. "మా పాపనా? ఉప్పు కూడా అడగదు కదప్పా!" ఏడుస్తాందో నవ్వుతాందో నాకు తెలీలేదు.

చివరింటి గేటుకాడికి కూడా పోయినా. ఈ పక్కనే నిలబడి పిలిచినా. కిటికీలోనుంచి జవాబు రాలేదు. "సరే సార్, మళ్ళీసారి వస్తా" అని తిరుక్కున్నా.

ఆదివారం మంట బాగా లేసింది. అందరూ వచ్చినారు. అవ్వ బకెట్టు ఎప్పటి చోటే బోర్లించి పెట్టింది అత్త. దానిమీద ఎవురూ కూర్చోలేదు, పిల్లోళ్ళు కూడా. కాయలు చిటపటమంటాంటే చీకట్లోనుంచి తెల్ల చొక్కా ఒకటి వచ్చింది. చివరింటి సారు. చేతిలో గుడ్డ సంచి.

"ఎర్రగడ్డలు ఉండాయా, అయిపోయినాయా?" అన్నాడు.

పక్కింటక్క మొదలుపెట్టిన నవ్వు ప్లాటంతా అంటుకుంది. సారు కూర్చునేదానికి అటూ ఇటూ చూసి ఆ బకెట్టు దగ్గరికి లాక్కున్నాడు. మా నాయన అది అవ్వదని చెప్పేదానికి లేవబోయినాడు.

అత్త ఆపింది. "కూర్చోనీ అన్నా. మా అమ్మ ఇన్నేండ్లూ పిలిచింది ఆయన్నే కదా."

నేను కట్టెతో కెలికి వేడి కాయలు సారు పక్కకు తోసినా. ఆయన సంచి నాలుగు మడతలేసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఒక కాయ పగలగొట్టుకున్నాడు, ఇంకోటి పగలగొట్టుకున్నాడు. మూతి చుట్టూ నల్లగైంది. గాలికి బూడిద లేసి తెల్ల చొక్కా మీద పడతాంటే దులుపుకోకుండా ఇంకో కాయ కోసం అవ్వ బకెట్టు మీదినుంచి ముందుకు వంగినాడు.