ఎనిమిదో చాంబర్‌లో ఆటలు

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద ఒక మిర్చి కోల్డ్ స్టోరేజి ఉంది. 2002 ఏప్రిల్లో జాస్మిన్ అక్కడ కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరింది. అప్పటికి ఇరవై రెండేళ్ళు. అమ్మ ప్రేమమ్మ ఆ రోడ్డులోనే ఒక కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీసేది. నాన్న జక్రయ్య పత్తి మిల్లులో పని చేస్తూ ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు. ఆ ఇంట్లో ఎండ తగలకుండా చేసే పని దొరికింది జాస్మిన్‌కే మొదలు. అందుకే ఆ పని పోతుందేమోనని మొదటి రోజు నుంచీ భయపడేది. ఓనరు వీరాంజనేయులు గారి స్కూటర్ చప్పుడు వినిపిస్తే చాలు, తప్పేమీ చేయకపోయినా లేచి నిలబడేది.

రైతు మిరపకాయల బస్తాలు, అక్కడి మాటలో టిక్కీలు, తెచ్చి దింపితే వాటికి లాట్ నంబరు వేసి బాండు అనే రసీదు రాసిస్తారు. ఆ లాట్‌ను ఏ చాంబర్‌లో, ఏ అంతస్తులో, ఏ వరసలో పెట్టారో చార్టులో ఎక్కిస్తారు. కిందటి సీజను దాకా చార్టు పుస్తకంలో రాసేవాళ్ళు. కంప్యూటర్ కొన్నాక, ఒకే పని రెండుసార్లు దేనికని ఓనరు పుస్తకం మానిపించారు.

జాస్మిన్‌కి ముందు ఆ పని చేసిన రసూల్ దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు రెండు రోజులు పక్కన కూర్చుని పని నేర్పాడు. రెండో రోజు మధ్యాహ్నం, ఓనరు భోజనానికి వెళ్ళాక, కంప్యూటర్‌లో చాంబర్‌కొకటిగా ఉన్న ఫోల్డర్లలో ఎనిమిదో చాంబర్‌ది తెరిచి నాలుగు ఆటలు చూపించాడు.

స్టోరేజిలో ఎనిమిదో చాంబర్ లేదు. అంతకు నెల కిందట దాకా ఉండేది. అందులో ఒక హమాలీ పైఅంతస్తు నుంచి జారి కాలు విరగ్గొట్టుకుంటే, ఓనరు సిద్ధాంతిని పిలిపించారు. ఆయన నక్షత్రానికి ఎనిమిది పనికిరాదని సిద్ధాంతి చెప్పాడు. మర్నాడే పెయింటర్ వచ్చి తలుపు మీద ఎనిమిది చెరిపి తొమ్మిది రాశాడు. అప్పటి నుంచి ఏడు తర్వాత తొమ్మిదే.

"లేని చాంబర్‌ని ఎవరు తెరుస్తారు చెల్లెమ్మా" అన్నాడు రసూల్. అంతకు మించి చెప్పలేదు.

జూన్ నెలలో ఒకరోజు ఓనరు, కంప్యూటర్ నెమ్మదించిందని, రేపు గుంటూరు నుంచి ఇంజనీరు వస్తాడని చెప్పారు. పనికిరానివి ఏమన్నా ఉంటే తీసెయ్యమన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. జాస్మిన్‌కి మాత్రం అంతా తెలిసే అన్నట్టు వినిపించింది. భోజనం డబ్బా మూత తీయకుండా పక్కన పెట్టేసింది.

నాలుగూ తీసేద్దామనే కూర్చుంది. చెయ్యి రాలేదు. ఆ రెండు నెలల్లో భయం లేకుండా గడిపింది ఆ మధ్యాహ్నపు అరగంటలే. నాలుగు దాచడం కష్టం, ఒకటైతే ఎక్కడో ఒకచోట ఇమిడిపోతుంది అనుకుంది. ఏది ఉంచుకోవాలి?

పేకముక్కల ఆట ముందు పోయింది. ఇంట్లో పేక అన్న మాటే వినపడకూడదు. నాన్నకి తెలిస్తే కంప్యూటర్‌లో అయినా ఒకటే, అరుగు మీద అయినా ఒకటే. పారాట్రూపర్ అనే ఆటలో పారాచూట్ గొడుగు చిరిగి మనుషులు కింద పడతారు. గురి బాగానే కుదిరేది గానీ, పడ్డ ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది. అదీ పోయింది. ఇటుకలు పడే ఆట తనకి బాగా వచ్చు. కానీ ఎంత బాగా పేర్చినా వేగం పెరిగి పెరిగి చివరికి ఓడిపోవాల్సిందే. ఇక మిగిలింది డిగ్గర్. చిన్న బండి మట్టి తవ్వుకుంటూ పచ్చరాళ్ళు ఏరుకుంటుంది. మట్టిలో అక్కడక్కడ బంగారం మూటలుంటాయి. మూట కింద తవ్వితే అది వెంటనే పడదు. ఒక్క క్షణం ఊగుతుంది. ఆ క్షణంలో పక్కకి జరగొచ్చు. పడబోయే ముందు చెప్పే ఆట అదొక్కటే. దాన్నే ఉంచుకుంది.

డిగ్గర్‌కి వేరే పేరు పెట్టి మూడో చాంబర్‌లో దాచింది. ఎనిమిదిని మొత్తంగా చెరిపేసింది. తీసేసినవి మళ్ళీ ఎవరైనా చూస్తారేమోనని కంప్యూటర్‌లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది.

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. పెట్టె విప్పి ఫ్యానుకి పట్టిన కారం దుమ్ము బ్రష్‌తో దులిపాడు. ఆఫీసంతా తుమ్ములే. టీ తాగి వెళ్ళిపోయాడు. లోపల ఏముందో చూడనే లేదు.

పది రోజులకి అద్దంకి వైపు నుంచి పేరయ్య అనే రైతు తన నలభై రెండు టిక్కీలు తీసుకెళ్ళడానికి వచ్చాడు. బాండు మీద రసూల్ చేతిరాతతో చాంబర్ ఎనిమిది అని ఉంది. ఎనిమిదంటే ఇప్పుడు తొమ్మిది కదా అని జాస్మిన్ కంప్యూటర్‌లో తొమ్మిది తెరిచింది. తలుపు మీద నంబరు మార్చాక వచ్చిన లాట్లే ఉన్నాయి. అంతకు ముందువి ఒక్కటీ లేదు. ఇంకోసారి చూసింది. తర్వాత, లిఫ్టు చెడిపోయిందని, రేపు రమ్మని పేరయ్యకి చెప్పింది.

"ఇప్పుడేగా దిగింది నా కళ్ళ ముందు" అన్నాడు పేరయ్య.

దిగుతుంది గానీ బరువు ఎక్కదని చెప్పింది. ఆయన ఆమె మొహంలోకి కాసేపు చూసి, షెడ్డు కింద తువ్వాలు పరుచుకున్నాడు.

ఎస్టీడీ బూత్ నుంచి రసూల్‌కి ఫోన్ చేసింది. పాత చార్టు ఎనిమిదిలోనే ఉందన్నాడు. ఎవరన్నా తెరిచినా చార్టే అనుకోవాలని ఆటల్ని దాంట్లో పెట్టానన్నాడు. జాస్మిన్ ఎప్పుడూ పైనున్న నాలుగు బొమ్మలే నొక్కింది. కిందకి జరిపి చూడలేదు. పదకొండు వేల టిక్కీలు ఎక్కడున్నాయో చెప్పే కాగితం ఇప్పుడు లోకంలో లేదు.

రాత్రి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొద్దున వచ్చేసరికి ఓనరు గదిలో హమాలీల మేస్త్రి బుల్లయ్య నిలబడి ఉన్నాడు. పేరయ్య వెళ్ళి మొర పెట్టుకున్నాడన్నమాట.

"నలభై రెండు టిక్కీలు గాల్లో కలిశాయా బుల్లయ్యా?" అంటున్నారు ఓనరు.

"ఎక్కడికీ పోవు సార్. లోపలే ఉంటయ్. చార్టు చూసి చెప్తే తీస్తాం."

"చార్టులో లేవు. నేనే చూశా. ఎక్కించకుండా పెట్టారా, పెట్టినట్టు పెట్టి బయటికి తోలారా? మీ ముఠాలో ఎవడి పని?"

బుల్లయ్య తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. ముప్ఫై మంది ముఠా. ఈ మాట ఒకసారి బయటికి వెళితే ఆ రోడ్డులో ఏ స్టోరేజీ వాళ్ళని పనికి పిలవదు. జాస్మిన్ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఊరుకుంటే తన మీదకి రాదని ఆమెకి అర్థమైంది. బుల్లయ్య చేతిలో తువ్వాలు ముడిపడి తాడులా అయింది.

"చార్టు నేను చెరిపేశాను సార్" అంది. "దాంట్లో ఆటలుంటే, మీరు చూస్తారని."

ఓనరు ఆమెను తిట్టలేదు. "ఒక్క పేరయ్యదేనా?" అని అడిగారు.

"నంబరు మార్చక ముందువి అన్నీ సార్."

ఆయన లేచి వచ్చి తనే తలుపు మూశారు. "ఎంతమందికి తెలుసు?" అన్నారు గొంతు తగ్గించి. ఆ గదిలో ఉన్న ముగ్గురికీ, రసూల్‌కీ అని చెప్పింది. ఈ సంగతి పొక్కితే బాండ్లున్న వాళ్ళంతా ఒక్కరోజే వచ్చి గేటు ముందు పడతారని, అప్పుడు స్టోరేజీ ఉండదు, మనమూ ఉండమని ఆయన అన్నారు. సోమవారం పొద్దునకల్లా చార్టు టేబుల్ మీద ఉండాలన్నారు. లేకపోతే ఏమిటో చెప్పలేదు. ఆ రోజు శుక్రవారం.

లాట్ నంబరు టిక్కీ పొట్ట మీద నీలి సిరాతో రాస్తారు. పేర్చేటప్పుడు మూతులు బయటికి పెడతారు కనుక నంబర్లు లోపలికి పోతాయి. కనిపించేది మూతి కుట్టే. ఏ రైతు కుట్టు ఆ రైతుదే. ఒకరు పాత చీర అంచు ముక్క కుడతారు, ఒకరు ఎర్ర లంగా గుడ్డ, ఒకరు నీలం ప్లాస్టిక్ దారం. బుల్లయ్యకి చదువు రాదు గానీ, కుట్టు చూసి ఊరు చెప్పగలడు.

చార్టు మళ్ళీ రాయడానికి జాస్మిన్ బుల్లయ్యతో కలిసి తొమ్మిదో చాంబర్‌లోకి వెళ్ళింది. లోపల చలికి మొదటి పావుగంటలోనే వేళ్ళు కలాన్ని పట్టలేకపోయాయి. ఘాటు గొంతులో గుచ్చుకుంటోంది. పేర్చిన టిక్కీల నెట్ల మధ్య సందు ఒక మనిషి పక్కకి తిరిగితే పట్టేంత. కుట్టు మారిన చోటల్లా బుల్లయ్య ఒక టిక్కీని కొంచెం లాగి పొట్ట తిప్పితే, ఆమె టార్చి వేసి నంబరు రాసుకునేది. అతను లాగినప్పుడల్లా ఆమె పైకి చూసేది.

"ఇంతకీ ఏం ఆటమ్మా అది?" అన్నాడు బుల్లయ్య రెండో అంతస్తులో.

చెరిపేసిన వాటి మాట వదిలేసి, డిగ్గర్ గురించి చెప్పింది. మూట కింద తవ్వితే పడేముందు ఊగుతుందని చెప్పింది.

"మనయ్యి ఊగవు. చెప్పకుండానే పడతయ్. పైకి చూస్తా కూచోబాక తల్లీ, రాసుకో."

పేరయ్య టిక్కీలు శనివారం మధ్యాహ్నం మూడో అంతస్తులో దొరికాయి. ఆదివారం గంట కొట్టి నాన్న నేరుగా స్టోరేజీకి వచ్చాడు, కూతురు చర్చికి ఎందుకు రాలేదో కనుక్కోవడానికి. పని ఎక్కువైందని చెప్పి పంపేసింది. చలికి పగిలిన ఆమె పెదాలు చూసి జక్రయ్య వెళ్తూ తన తువ్వాలు ఆమె భుజాల మీద వేశాడు.

సోమవారం వీరాంజనేయులు గారు జాస్మిన్ రాసిన చార్టు పుస్తకం తిరగేసి ఒక లాట్ నంబరు చదివారు. బుల్లయ్య వెళ్ళి టిక్కీ తెచ్చి తిప్పి చూపించాడు. సరిపోయింది. రెండోది, మూడోది, నాలుగోది సరిపోయాయి. అయిదోది ఆ వరసలో లేదు. బుల్లయ్య రావడానికి చాలాసేపు పట్టింది. లిఫ్టు చప్పుడు ఆగినప్పుడల్లా జాస్మిన్ తలుపు వైపు చూసింది. పక్క వరసలో దొరికిందని చెబుతూ వచ్చాడు. ఓనరు ఆ చోట ఎర్ర సిరాతో సరిదిద్ది, పుస్తకం ఆమె వైపు తోసి, ఇక నుంచి దీంట్లోనూ కంప్యూటర్‌లోనూ రాయమన్నారు.

ఆటలన్నీ పోయాయనే ఆయన అనుకున్నారు. మూడో చాంబర్‌లో ఒకటి మిగిలి ఉందని ఆమె చెప్పలేదు. తర్వాత ఆరేళ్ళు అక్కడే పని చేసింది. దాన్ని తెరవనూ లేదు, చెరపనూ లేదు. ఏదైనా చెరపాల్సి వస్తే ఇంకొకరిని పిలిచి, వాళ్ళు చూస్తుండగా నొక్కేది.