ఆవిడ అడగని ప్రశ్న

తొంభైల్లో రాజమండ్రిలో ఒక ఇరుకు వీధిలో ఇల్లు అమ్మకానికి ఉందంటే చూడ్డానికి బయల్దేరాను. మాది ఉప్పాడ, మావారిది చేపల వ్యాపారం. కాకినాడలో బస్సెక్కితే పక్క సీట్లో ఒక పెద్దావిడ. కాళ్ల దగ్గర సంచి, దాని మూతి తాడుతో బిగించి కట్టి ఉంది.

"ఎవరింటికండీ?" అంది. ఇల్లు చూడ్డానికని చెప్పాను. మాది ఏ ఊరో, ఇల్లు ఏ వీధిలోనో, ఎన్ని వాటాలో, మేడ ఎవరిదో అన్నీ అడిగింది. ఇంటిపేరు మాత్రం అడగలేదు. మా వైపు ఊరడిగాక ఇంటిపేరు అడగకుండా ఎవరూ ఉండరు. అడిగితే తనదీ చెప్పాల్సొస్తుందనేమో అని నాకు అనుమానం. ఈవిడ ఆ వీధి మనిషే అయ్యుంటుంది, కూపీ లాగుతోంది అనుకుని ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను.

ద్వారపూడి వస్తుండగా ఆవిడ మెల్లగా అంది. "అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి. మేడ మీద చేపలు ఎండబెట్టుకుంటే ఆ వీధివాళ్లు ఊరుకుంటారా అని."

నాకు ఒళ్లు మండింది. "నా దగ్గర వాసనేస్తోందా అండీ?" అన్నాను.

ఆవిడ సంచి ఎత్తి భుజాన వేసుకుంటుంటే ఎండు నెత్తళ్ల వాసన గుప్పుమంది. "మేమూ ఆ వీధిలోనే ఉండేవాళ్లమండి," అని దిగిపోయింది.

రాజమండ్రిలో ఇల్లుగలావిడ గదులన్నీ చూపించి నన్ను మేడ మీదకి తీసుకెళ్లింది. ఎండ బాగా కాస్తోంది. పిట్టగోడకి అవతల పక్కిళ్ల మేడలు చేతికందేలా ఉన్నాయి. నేను ఆ మాట అడిగాను.

ఇల్లుగలావిడ పక్క మేడ వైపు ఓసారి చూసి, "ఇంతకీ మీ ఇంటిపేరేంటండీ?" అంది.