పోస్టర్ తిన్న గేదె

అవనిగడ్డ బస్టాండు గోడకి ఎవరో ట్యూషన్ల పోస్టర్ అంటిస్తుంటే ఉడికిన మైదా జిగురు వాసన గుప్పుమంది. పక్క బెంచీ మీద ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు తొంభైల దశాబ్దం ఏ హీరోదని వాదించుకుంటున్నారు. నా చిన్నప్పటి హీరో పేరు రాగానే ఒకడు, "ఆయనవి నేనొక్కటీ చూళ్ళేదు గానీ, అంతా ఓవర్ యాక్షనే అంట్రా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండో తరగతిలో ఒకసారి ఇలాగే మండింది. మా ప్రహరీ గోడ మీద మా హీరో కొత్త సినిమా పోస్టర్ అంటించారు. నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన మొహం లేదు. పక్కింటి రాంబాబు బావ గేదె నింపాదిగా నములుతోంది. బావేమో అవతలి హీరో అభిమాని. ఇంకేం, ఆయనే నేర్పి పంపాడని తేల్చేశాను. పుస్తకాల సంచి అక్కడే పడేసి వాళ్ళింటి మీదికి గొడవకి వెళ్ళాను.

"మా హీరోని తినమని నువ్వే చెప్పావు కదూ?"

"నేను చెప్పాలేంటే? ఎవరు గొప్పో దానికి మాత్రం తెలీదూ!" అని బావ మీసం తిప్పాడు.

మర్నాడు అది వాళ్ళ గోడ మీదున్న వాళ్ళ హీరోని కాళ్ళతో సహా తినేసింది. బావ కర్ర పట్టుకుని దాని వెంట పడ్డాడు. నేను మాత్రం అది మా పార్టీలోకి వచ్చేసిందని రోజూ గడ్డి వేశాను.

దాని అభిమానమంతా కాగితం వెనక మైదా మీదేనని చాలా ఏళ్ళకి గాని తెలియలేదు. అయినా ఈ కుర్రాళ్ళ కంటే ఆ గేదే నయం. రుచి చూడకుండా ఎవరినీ వదల్లేదు.