అక్క వద్దన్న బీరు

ఆ షెడ్డులో పనిచేసే తొమ్మిది మందీ ఆమెను అక్క అనే పిలిచేవారు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన లారీ డ్రైవరు కూడా అంతే. నిజానికి అక్కడ ఆమె అక్క అయింది ఒక్కడికే, బీరు కాచే తమ్ముడికి. వాడు రోజుకు నలభైసార్లు అక్కా అక్కా అని పిలుస్తుంటే మిగతావాళ్ళ నోళ్ళకూ అదే అలవాటైపోయింది.

టైర్ల దుకాణం వెనక రేకుల షెడ్డు అది. లోపల మనిషికి రెండింతల ఎత్తున్న ఉక్కు ట్యాంకులు ఆరు, ఎప్పుడూ తడారని గచ్చు, గచ్చు మధ్యలో కాలవ. పెద్ద కంపెనీల బీరు ఏడాది పొడుగునా ఒకే రుచి. ఇక్కడ అలా కుదరదు. నెలకు రెండు మూడు కొత్తరకాలు రావాలి. ఒకదాంట్లో కాఫీ గింజ, ఒకదాంట్లో పొగబెట్టిన బార్లీ, ఒకదాంట్లో తేనె. వీటికోసం పనిగట్టుకుని వచ్చి, గ్లాసు పైకెత్తి వెలుతురులో చూసుకుని, గుక్కగుక్కకీ తగువులాడుకునే జనం ఉన్నారు. వాళ్ళకు కాచేది తమ్ముడు. వాళ్ళదాకా వెళ్ళాలో వద్దో తేల్చేది అక్క.

ఆమె అక్కడ చేరింది సీసాలు కడగడానికి. చేరిన నాలుగో నెలలో, పక్కనున్నవాళ్ళు తాగుతున్న గ్లాసు దగ్గర ముక్కు చిట్లించి, "దీనికి తడిగుడ్డ వాసన వస్తోందేంటి?" అంది. అందరూ నవ్వారు. తమ్ముడు మాత్రం నవ్వకుండా వెళ్ళి ట్యాంకు విప్పాడు. మూత కింద రబ్బరు కుళ్ళిపోయి ఉంది. ఆ రోజు నుంచి సీసాలు ఇంకొకరు కడిగారు.

అలా పదకొండేళ్ళు. గురువారం పొద్దున పది గంటలకు పరీక్ష. ఆ రోజు అక్క సబ్బు రుద్దుకోదు, తలకు నూనె రాసుకోదు, కాఫీ ముట్టదు. రంగు చూసి మోసపోకుండా గ్లాసులన్నీ నల్లవి. మధ్యమధ్య ఉప్పులేని రొట్టెముక్క, గుక్కెడు నీళ్ళు. పోసేది తమ్ముడి పెళ్ళాం. ఏ గ్లాసులో ఏముందో ఆమెకొక్కదానికే తెలుసు. అయిదు గ్లాసులుంటే బీర్లు నాలుగే, ఒకే బీరు రెండు గ్లాసుల్లో ఉంటుంది. ఆ జంట ఏదో అక్క పట్టుకుంటేనే మిగతా మాటలకు విలువ. పట్టుకోలేకపోతే ఆ రోజు చెప్పినవన్నీ కొట్టేసి మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాలి. తన మీద తనకే ఈ కాపలా పెట్టుకున్నది అక్కే. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా జంట తప్పలేదు.

ఇంకో కట్టుబాటు తమ్ముడు పెట్టింది. అక్క వద్దన్న బీరు కాలవలో పోయాల్సిందే, సరేనన్నది బయటికి వెళ్ళాల్సిందే, మారుమాట ఉండదు.

"నేను కాచినవన్నీ నాకు ముద్దుగానే ఉంటాయి అక్కా," అనేవాడు. "నువ్వు మొహమాటపడవు. నీ మాటే నాకు తూకం."

పోయిన వానాకాలంలో అక్కకు జ్వరం వచ్చింది. అందరికీ వచ్చే జ్వరమే, అయిదు రోజులు మంచం మీద పడేసి దాని దారిన అది పోయింది. ఆరో రోజు పొయ్యిమీద పాలు పెట్టి పక్కనే కుర్చీలో కూర్చుంది. పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడి, గదంతా పొగ కమ్మేదాకా ఆమెకు తెలియలేదు. లేచి సబ్బు డబ్బా తీసి వాసన చూసింది. కిరసనాయిలు సీసా మూత తీసి చూసింది. కళ్ళు మండాయి తప్ప వాసన లేదు.

"నెలకు రావచ్చు, ఏడాదికి రావచ్చు. రాకపోనూ వచ్చు," అన్నాడు క్లినిక్కు డాక్టరు, ఇంకో రోగిని లోపలికి పిలుస్తూనే.

ఆ రోజే తమ్ముడికి చెప్పేసి ఉంటే ఈ కథే లేదు. చెబుదామనే బయలుదేరింది కూడా. షెడ్డు గుమ్మంలో కాలు పెట్టగానే సీసాలు కడిగే తొట్టి కనిపించింది. దాని ముందు వంగి నిలబడ్డ నాలుగు నెలల నడుంనొప్పి గుర్తొచ్చింది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆమె వస్తుంటే గొట్టాలు పట్టుకున్నవాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇస్తారు. పదకొండేళ్ళుగా ఆమెకున్న ఆస్తి ఆ దారి. వచ్చే గురువారానికి వచ్చేస్తుందిలే అనుకుని నోరు మూసుకుంది.

వచ్చే గురువారానికి రాలేదు. ఆ పై గురువారానికీ రాలేదు.

ముక్కు పోయినా నాలుక ఉంది. చేదు తెలుస్తుంది, తీపి తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. మిగతాదంతా పాత జ్ఞాపకంలోంచి తీసి చెప్పేది. కాఫీ గింజ వేశారని తెలిస్తే కాఫీ వాసన బాగుంది అనేది. జంటను పట్టుకోవడానికి ఆమెకొక దొంగదారి దొరికింది. మరదలు జంట గ్లాసులు రెండింటినీ ఒకే జగ్గులోంచి ఒక్క ఊపులో నింపేది. రంగు దాచడానికి గ్లాసులు నల్లవి తెచ్చారు గానీ, పైన నురుగు దాచడం ఎవరికీ తట్టలేదు. ఒకే ఎత్తున, ఒకేలా విరిగే నురుగు ఎక్కడ రెండుంటే అదే జంట. తను పెట్టుకున్న కాపలాను తనే ఇలా దాటేసింది. దాటిన ప్రతిసారీ అందరూ చప్పట్లు కొట్టేవారు, ఆమె సిగ్గుతో చచ్చిపోయేది.

ఆరు వారాలు ఏ బీరునూ కాదనలేదు. కాదనడానికి ఏముందో తెలిస్తే గదా.

"ఏంటి వదినా, ఈమధ్య అన్నింటికీ తల ఊపేస్తున్నారు?" అంది మరదలు గ్లాసులు సర్దుతూ. "మీ తమ్ముడికి ఒక్కసారిగా చెయ్యి తిరిగిందా, మీకు మనసు మెత్తబడిందా?"

వేళాకోళానికే అంది పాపం. అక్క మాత్రం అనుమానం వచ్చేసిందనుకుంది. ఈసారి దేన్నో ఒకదాన్ని వద్దనాలి అనుకుంది.

ఆ గురువారం అయిదు గ్లాసులు. జంట ఒకటి, మూడు అని నురుగు చెప్పింది. రెండో గ్లాసు తాగింది, అయిదోది తాగింది. నాలుగోది చేతిలోకి తీసుకుని రెండుసార్లు చప్పరించి కింద పెట్టింది.

"ఇది వద్దు. తడిసిన అట్టపెట్టె వాసన."

మరదలు ఒకసారి మొగుడి మొహం చూసి తల దించుకుంది. నాలుగోది నారింజ తొక్క బీరు. దానికోసం తమ్ముడు రెండు నెలలు ఇంట్లో తొక్కలు ఎండబెట్టుకున్నాడు. ఎంత ఎండితే ఎంత చేదు తగ్గుతుందో కాగితం మీద రాసుకుంటూ భోజనం మరిచిపోయేవాడు. ఆ పొద్దున వాడు ఒక గ్లాసు తాగి, ఎవరితోనూ ఏమీ అనకుండా, ట్యాంకు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

"సరే అక్కా," అన్నాడు.

వాడే వెళ్ళి కుళాయి తిప్పాడు. మచ్చుకు కాచిన ఆ రెండువందల లీటర్లు కాలవలోకి పోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అక్క రొట్టెముక్క నములుతూ కూర్చుంది.

అక్కడితో ఆగితే ఒక బీరు పోయిందనుకోవచ్చు. మూడు వారాల తర్వాత ఆరో ట్యాంకులో గోధుమ బీరు తయారైంది. పరీక్ష పూర్తయ్యాక, జీవితంలో మొదటిసారి, తమ్ముడు తన కట్టుబాటు తనే తప్పాడు.

"అక్కా, ఆ గోధుమదాంట్లో... మందుల వాసన, గాయానికి కట్టే పట్టీ వాసన ఏమైనా వచ్చిందా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆమె నోరు తెరిచింది కూడా. చుట్టూ అయిదుగురు నిలబడి ఉన్నారు.

"ఏమీ లేదే. శుభ్రంగా ఉంది," అంది.

"అయితే నా ముక్కే అయ్యుంటుంది," అన్నాడు. తను ప్రాణం పెట్టిన నారింజ బీరు అట్టపెట్టె అయింది. తనకు కంపుకొట్టిన గోధుమ బీరు శుభ్రం అయింది. రెండూ కలిపితే వాడికి ఒకే లెక్క తేలింది. డాక్టరుకు చూపించుకోమని పెళ్ళాం పోరితే, "అక్కకంటే డాక్టరుకు ఎక్కువ తెలుసా?" అన్నాడట.

మర్నాడే వాడు యజమాని దగ్గరికి వెళ్ళి, నా ముక్కు పనిచెయ్యడం లేదు, ఇక కాచడానికి పనికిరాను, వేరే మనిషిని చూసుకోండి అని చెప్పేశాడు. నీళ్ళు నమల్లేదు, ఎవరినీ అడగలేదు. అక్క తొమ్మిది వారాలుగా చెప్పలేని మాటను, నిక్షేపంలాంటి ముక్కు పెట్టుకుని, వాడు ఒక్క పూటలో చెప్పేశాడు. యజమాని మంచివాడే, రోడ్డున పడెయ్యలేదు. లారీలోకి పెట్టెలు ఎక్కించే పని ఇచ్చాడు. సోమవారానికల్లా కొత్తాయన వచ్చి తమ్ముడి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ సోమవారం తమ్ముడు భుజం మీద పెట్టె పెట్టుకుని ఎదురొచ్చి, ఆమెకు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. అక్క తిన్నగా యజమాని గదిలోకి నడిచింది.

"వాడి ముక్కు బాగానే ఉందండీ. పోయింది నాది. జ్వరం వచ్చినప్పటి నుంచీ."

యజమానికి బీరంటే చల్లగా ఉంటే చాలు, అంతకుమించి తెలియదు. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "మొన్న వాడొచ్చి ముక్కు పోయిందన్నాడు. ఇవాళ నువ్వొచ్చావు. మీ ఇంట్లో ముక్కులు వంతులేసుకుని పోతున్నాయా అమ్మా?"

"నిజమండీ."

"మొన్న గురువారం కూడా జంటను పట్టుకున్నావుగా? ముక్కు లేకుండా ఎలా పట్టావు?"

"నురుగు చూసి."

ఆయన పకపకా నవ్వాడు. తర్వాత జాలిపడ్డాడు. "తమ్ముడి మీద ప్రేమ నాకర్థమైంది. వాడికోసం నీ కడుపు కొట్టుకోకు. వెళ్ళి పని చూసుకో."

ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా తప్పని ముక్కు అన్న పేరు ఆమెది. ఆ పేరే ఇప్పుడు అడ్డం తిరిగింది. లారీ దగ్గర తమ్ముడితో చెబితే వాడు ఇంకా మెత్తగా అన్నాడు, "నన్ను ఓదార్చడానికి ఇలాంటివి చెప్పకక్కా. నాకేం బాధ లేదు."

వాసన వస్తోందని నిరూపించొచ్చు గానీ, రావడం లేదని ఎలా నిరూపిస్తారు? ఎంత పరీక్ష పెట్టినా, నటిస్తున్నావంటారు. అక్క ఒక్క క్షణం ఆలోచించి, తమ్ముడి మణికట్టు పట్టుకుని షెడ్డు వెనక్కి లాక్కెళ్ళింది. అక్కడ ట్యాంకుల అడుగున మిగిలే ఈస్టు మడ్డిని నీలం పీపాలో పోసి ఉంచుతారు. చెత్తబండి వచ్చి పది రోజులైంది. ఎండకు అది ఉబ్బి ఉంది. ఆ మూత తియ్యాలంటే బండివాళ్ళు కూడా మొహానికి గుడ్డ కట్టుకుంటారు.

అక్క మూత తీసింది. తమ్ముడు నాలుగడుగులు వెనక్కి వేసి, గోడ పట్టుకుని, భళ్ళున కక్కుకున్నాడు. అక్క పీపా మీదికి వంగి, తల లోపలికంటా పెట్టి, గుండెనిండా ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది. పైకి లేచినప్పుడు ఆమె మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. కళ్ళవెంట మాత్రం నీళ్ళు కారుతున్నాయి, అవి కంపువల్ల వచ్చినవి కావు.

తమ్ముడు మూతి తుడుచుకుని ఆమెకేసి తిరిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"జ్వరం నుంచి. తొమ్మిది వారాలు దాటింది."

"అయితే ఆరో ట్యాంకులో మందుల వాసన ఉంది."

"ఉండే ఉంటుంది. నువ్వే చెప్పు కొత్తాయనకి, పారబొయ్యమని. ఆయన చూస్తే ఆయనకే తెలుస్తుంది."

వాడు తల ఊపాడు. కోప్పడతాడని ఎదురుచూసింది. నాలుగు తిడితే బాగుండుననిపించింది. వాడు తిట్టలేదు.

"నారింజ తొక్కది," అన్నాడు. "అట్టపెట్టె వాసన అన్నావు."

"ఏ వాసనా రాలేదురా. ఏదో ఒకటి వద్దనకపోతే పట్టుబడతానని భయపడ్డాను. చేతికి దొరికింది అది."

వాడు పీపా పక్కనున్న ఇటుకల మీద కూలబడ్డాడు. "అంత బాగున్నది నేనెప్పుడూ కాచలేదనుకున్నానక్కా. నువ్వు అట్టపెట్టె అన్నాక భయమేసింది, కుళ్ళిందే బాగున్నట్టు అనిపిస్తోందా నాకు అని. కొలతలు రాసుకున్న కాగితం ఆ సాయంత్రమే చించేశాను."

"మళ్ళీ కాచుకోవచ్చు. నేను అందరిముందూ చెప్తాను. మళ్ళీ కాచరా."

"ఎక్కడ? ఆయన వచ్చేశాడుగా." వాడు తలెత్తాడు. ప్రతి గురువారం గ్లాసు కిందపెట్టగానే ఆమెకేసి ఎలా చూసేవాడో అలాగే చూశాడు. "నిజంగా బాగుందా అక్కా అది? లేకపోతే నాకే అలా అనిపించిందా?"

ఆ బీరు వాడు ఒక గ్లాసు తాగాడు, ఆమె రెండు గుక్కలు తాగింది. మూడో మనిషి తాగలేదు, ఇక ఎవరూ తాగబోరు కూడా. అక్క ఆ రెండు గుక్కల కోసం నోరంతా వెతుక్కుంది. చల్లదనం దొరికింది, కొంచెం చేదు దొరికింది. బాగుందిరా అని ఒక్క మాట అనేస్తే వాడి ప్రాణం కుదుటపడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలీదురా," అంది.

ముందు వైపు నుంచి డ్రైవరు హారన్ కొట్టాడు. తమ్ముడు లేచి పీపా మూత పెట్టి, నాలుగు వైపులా అరచేతులతో గట్టిగా నొక్కి, పెట్టెలు ఎక్కించడానికి వెళ్ళిపోయాడు.